వాలులో కొలిచిన నూనె

మా అన్నయ్య వరహాలరావును పోగొట్టుకున్నది ఆదివారం పొద్దున. విశాఖ నుంచి వచ్చే పాసింజరు ఇంకా అరకు చేరలేదు. నేను బడి క్వార్టర్స్‌లో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. కనక వదిన ఫోన్ చేసింది. మాట రాలేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

నేను వెళ్లేసరికి అన్నయ్యను వాకిట్లో టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. తన కారుకూ కాఫీ గోదాము గోడకూ మధ్య నలిగిపోయాడు. కారును అప్పటికే కాస్త వెనక్కి తీసి ఉంచారు. బానెట్ ఎత్తే ఉంది. ఇరుగుపొరుగు నలుగురూ చేరి డ్రైవరు ధర్మను కొడుతున్నారు. అతను ఏదో చెబుతున్నాడు. నేను వినిపించుకోలేదు. కాసేపటికి విడిపించుకుని కొండవైపు పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నం ఎస్సై ప్రశాంత్ ఫిర్యాదు రాసిమ్మన్నాడు. బంధువులంతా నా వైపు చూశారు. ఆ ఇంట్లో టీచరును నేనే. ఉద్యోగం మానిపిస్తానని కిందటి వారం అన్నయ్య మందలించినందుకు ధర్మ కక్ష పెట్టుకున్నాడనీ, అన్నయ్య బానెట్ ముందు నిలబడి ఉండగా కారును ముందుకు ఉరికించాడనీ రాశాను. ఒకచోట ఎస్సై ఆపి, "'ఉద్దేశపూర్వకంగా' అని పెట్టండి టీచర్ గారూ, కేసు నిలబడుతుంది" అన్నాడు. పెట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ధర్మ ఈ తెల్లవారుజామున దొరికాడు. రేపు పొద్దున కోర్టుకు తీసుకెళతారు.

ఈ రోజు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ భాను వచ్చింది. మనిషి పోయిన ప్రమాదాల్లో బండిని పరీక్షించి రిపోర్టు ఇవ్వడం ఆమె పని. నలభై దాటిన మనిషి, జుట్టు బిగించి ముడి వేసుకుంది. చేతిలో టార్చి, భుజాన సంచి, సంచిలో ఉతికిన తెల్లగుడ్డ ముక్కలు. ఆమె వెనకే ప్రశాంత్ మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"బ్రేకులు పనిచేస్తున్నాయని ఒక ముక్క రాసిచ్చేయండి మేడమ్. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

"ముక్క రాయడానికైతే మా గుమస్తాని పంపేదాన్ని కదా" అంది భాను.

ఆమె ముందు కారు చుట్టూ తిరిగింది. మా వాకిలి గేటు దగ్గర నుంచి గోదాము గోడ దాకా వాలుగా దిగుతుంది. కొండమీది ఇళ్లన్నీ అంతే. కారు ముక్కు కిందికి పెట్టి, గోడకు ఎదురుగా నిలబడి ఉంది. ముందు చక్రాల అవతల రెండు రాళ్లు ఉన్నాయి. ఒకటి పక్కకు దొర్లిపోయింది. రెండోది నేలను గీసుకుంటూ గోడ దాకా జారింది.

"రాళ్లు ఎవరు పెట్టారు?"

ధర్మే పెట్టి ఉంటాడనీ, మా ఇంటికి రాకముందు జీపు నడిపేవాడనీ చెప్పాను. ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాళ్లు చేతి బ్రేకును నమ్మరు. బండి ఆపితే ముందు రాయి కోసం చూస్తారు.

"చంపదలచుకున్నవాడు రాయి పెట్టడమెందుకు?" అని భాను అడిగింది. నన్ను కాదు, ఎస్సైని. అలవాటు కొద్దీ పెట్టి ఉంటాడని అతనన్నాడు.

ఆమె తాళం తిప్పి ఇంజను ఆన్ చేసింది. ప్రశాంత్ బండి ముందు నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. భాను కిటికీలోంచి తల బయట పెట్టి, అక్కణ్ణుంచి తప్పుకోమంది. అతను నవ్వాడు. తప్పుకునేదాకా ఆమె గేర్ రాడ్ మీద చెయ్యి వేయలేదు. తర్వాత చేతి బ్రేకు వేసి, ఇంజను అలాగే వదిలేసి దిగింది. నూనె వేడెక్కాలి, అప్పుడే మట్టం తెలుస్తుందని చెప్పింది. వేడెక్కేదాకా నన్ను ప్రశ్నలు అడిగింది.

ఈ కారు సంగతి ఏమిటని అడిగింది. చెప్పాను. అన్నయ్యకు ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్చి తొక్కలేక, విశాఖలో పాత ఆటోమేటిక్ బండి కొన్నాడు. వచ్చిన కొన్నాళ్లకే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను అరిచేది, బండి మాత్రం లాగేది కాదు. గేర్‌బాక్సులో నూనె తగ్గి ఉంటుందని మెకానిక్ ఫోన్‌లో చెప్పి, బండిని విశాఖ తెమ్మన్నాడు. పావు లీటరు నూనె కోసం ఘాట్ దిగి ఎక్కాలా అని అన్నయ్య విసుక్కున్నాడు. వీడియోలు చూసి తనే పోసుకుంటానన్నాడు. ఆదివారం పొద్దున నాతో ఫోన్‌లో ఆఖరుగా మాట్లాడింది ఆ నూనె గురించే. "పంతులమ్మా, నేనూ ఇవాళ పాఠం నేర్చుకుంటున్నానే" అన్నాడు. పని ఉందని నేను త్వరగా పెట్టేశాను.

"ఆ పనికి తోడెవరున్నారు?"

"ధర్మ. పొద్దున్నే బండిని రోడ్డు మీద తిప్పి వేడి చేసి తెచ్చాడట."

"మీరు చూశారా?"

"లేదు."

"బండి ఉరకడం చూశారా?"

"లేదు."

"మరి ఫిర్యాదు మీ పేరు మీద ఉందే."

వదిన చెప్పగా రాశానన్నాను. భాను తలూపి, ఇంకేమీ అడగకుండా సంచిలోంచి తెల్లగుడ్డ తీసింది. తరగతిలో పాఠం రాని పిల్లవాణ్ణి నిలబెట్టి, ఏమీ అనకుండా పక్క పిల్లవాడి వైపు తిరుగుతాం. నాకు అలాగే అనిపించింది.

ఆమె సీట్లో కూర్చుని, బ్రేకు గట్టిగా తొక్కి, గేర్ రాడ్‌ను ఒక్కొక్క గేరులోకీ నెమ్మదిగా తోసి, మళ్లీ మొదటి చోటుకు, బండి కదలకుండా బిగిసే పార్కింగులోకి తెచ్చింది. నూనె లోపలి దారులన్నిటిలోకీ పోవడానికట. దిగి, ఇంజను తిరుగుతుండగానే, బానెట్ కింద నుంచి సన్నని ఉక్కు పుల్ల ఒకటి పైకి లాగింది. గేజి అంటారు దాన్ని. గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ అడుగుదాకా దించి, తీసి మాకు చూపించింది. పుల్ల మీద రెండు గీతలున్నాయి. ఎర్రటి నూనె కింది గీతను కూడా అందుకోలేదు.

"తక్కువ ఉంది కదా" అన్నాడు ప్రశాంత్.

"అలాగే కనిపిస్తుంది. ఇప్పుడు బండిని సమంగా ఉన్న నేల మీద పెడదాం. ఎక్కడుంది?"

మా ఇంట్లో సమంగా ఉన్న నేల ఒక్కటే, కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం. గింజలు పరిచి ఉంటే అన్నయ్య అక్కడికి చెప్పులతో కూడా ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. పెట్రోలు వాసన సోకితే సరుకు పోయిందనేవాడు. ఆదివారం కళ్లం నిండా గింజలున్నాయి. అందుకే కారును వాలులోనే పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఎవరో గింజలను కుప్ప చేసి పరదా కప్పారు.

భాను కారును జాగ్రత్తగా కళ్లం మీదికి తెచ్చింది. మళ్లీ అదే పని మొదటినుంచీ చేసింది. ఈసారి గేజి తీస్తే నూనె పై గీతను దాటి చాలా పైకి ఉంది. సన్నటి నురగ కూడా ఉంది.

"ఈ బండిలో గేజి గేర్‌బాక్సుకు వెనకవైపు దిగుతుంది. ముక్కు కిందికి పెడితే నూనెంతా ముందుకు పోతుంది, పుల్లకు అందదు. గోదాములో ఒక లీటరు ఖాళీ సీసా దొరికిందని పంచనామాలో రాశారు. అదంతా దీనిలోనే ఉంది. నిజానికి సగం కూడా పట్టదు. కానీ వాలులో చూసినాయనకు ఇంకా తక్కువగానే కనిపించింది." ఆమె గేజిని తిరిగి దించింది. "సీసా అయిపోయింది, నూనె ఇంకా చాల్లేదు. మీరైతే ఏం చేస్తారు ఎస్సై గారూ?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో సీసాకు మనిషిని పంపుతారు" అంది భాను. "ధర్మ మీతో ఏమన్నాడు?"

ప్రశాంత్ ముఖం బిగుసుకుంది. బజారుకు వెళ్లానన్నాడనీ, ప్రతివాడూ అదే చెబుతాడనీ, స్పేర్ పార్టుల కొట్టువాణ్ణి అడిగితే టూరిస్టు బళ్ల రద్దీలో ఎవరొచ్చారో గుర్తులేదన్నాడనీ చెప్పాడు. ఆ మాట అంతవరకు నాకు తెలియదు. ఆదివారం వాకిట్లో దెబ్బలు తింటూ ధర్మ చెప్పబోయింది అదేనేమో అనుకున్నాను. నాకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు.

మేము గేటు వైపు నడిచాం. గేటు బయట ధర్మ తల్లి అచ్చియమ్మ కూర్చుని ఉంది. కొడుక్కు తెచ్చిన అన్నం మూట ఒళ్లో ఉంది. స్టేషన్‌లో కొడుకును చూడనిచ్చారు కానీ అన్నం తీసుకోలేదట. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. మా వాళ్లలో ఎవరూ ఆమెను పలకరించలేదు. నేనూ పక్కనుంచే లోపలికి వచ్చాను.

భాను ఆమె ముందు గొంతుక్కూర్చుని, కొడుకు ఏం చెప్పాడని అడిగింది.

"నూనె సీసా అట్టుకొచ్చినాడంట. ఈ గేటు కాడికొచ్చేతలికి అయ్యగారి కేక ఇనిపించింది. సీసా ఇసిరేసి లగెత్తినాడు. బండి ఎనక్కి తీసినాడు, అయ్యని ఎత్తినాడు" అంది అచ్చియమ్మ. "ఎస్సై బాబుకీ సెప్పినాడంట. సీసా ఎవులూ ఎతకనేదు."

భాను గేటు లోపలి పొదలను చేత్తో తొలగించింది. నేనూ వంగి వెతికాను. గోడవారన, ఎండుటాకుల కింద, సీసా దొరికింది. ఒక మూల సొట్టపడింది. మూత సీలు తియ్యలేదు. లోపల అదే ఎర్రనూనె.

ప్రశాంత్ సీసాను గుడ్డతో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "పాత సీసా కావచ్చు. ముందే తెచ్చి పెట్టుకున్నదీ కావచ్చు."

"ముందే ఉంటే మొదటిది అయ్యాక ఆయన ఇదీ పోసేవారు. మీ కొట్టువాణ్ణి అమ్మిన సరుకు చూపించమనండి. మనిషి గుర్తులేకపోయినా సీసా మీది నంబరు ఉంటుంది."

"మేడమ్, మీరు బండి చూడ్డానికొచ్చారు. కేసు నాది."

"బండే చెబుతోంది. నేను చదువుతున్నానంతే."

"ఏటి చెబుతోంది? ధర్మ బజారుకెళ్లాడనుకుందాం. తిరిగొచ్చి కూర్చుని తొక్కాడు. గోడ దాకా టైరు నల్లగా గీసుకుపోయింది. ఎక్కడా బ్రేకు పడిన గుర్తు లేదు. కావాలని తొక్కినవాడి పనే అది."

భాను కోపం తెచ్చుకోలేదు. సీలు తీయని సీసా గేటు దగ్గరే పడి ఉందంటే, అతనికి కారు దాకా వచ్చి కూర్చునే తీరిక దొరకలేదని అర్థం అంది. తర్వాత ఎస్సైని కారు దగ్గరికి తీసుకెళ్లి, సీటు ముందు కాళ్లు పెట్టే చోటు చూపించింది.

"జీపు డ్రైవరుకు కంగారు పుడితే రెండు కాళ్లూ దిగుతాయి. ఎడమది క్లచ్చికి, కుడిది బ్రేకుకి. ఈ బండిలో క్లచ్చి లేదు. రెండూ బ్రేకు మీదే పడతాయి. ధర్మ కూర్చుని ఉంటే బండి రాయి కూడా దాటదు. ఇక స్టీరింగు కవరు చూడండి. రెండువైపులా గోళ్లు దిగిన గుర్తులున్నాయి. ఈ సీట్లో ఉన్న మనిషి ఆపడానికే చూసింది. కాళ్లతో కాదు, చేతులతో."

ప్రశాంత్ నవ్వబోయి మానేశాడు.

భాను గోదాము పక్కన నిలబెట్టి ఉన్న వదిన స్కూటీ వైపు చూసింది. "స్కూటీకి బ్రేకులు చేతుల్లో ఉంటాయి. అదే అలవాటైన మనిషికి భయం వేస్తే చేతులు బిగుస్తాయి. కాలు ఎక్కడుంటే అక్కడే ఉండిపోతుంది. అది యాక్సిలేటర్ మీద ఉంటే అక్కడే." నా వైపు తిరిగింది. "టీచర్ గారూ, ఒక్క మాట. ధర్మ పేరు మీ వదిన తన నోటితో చెప్పారా? లేక మీరు అడిగితే తలూపారా?"

నేను ఆదివారం పొద్దుటిని గుర్తు చేసుకున్నాను. వదిన గుమ్మంలో గోడకానుకుని కూర్చుంది. నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపాను. బండిలో ఎవరున్నారు, ధర్మేనా, అని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తలూపింది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ప్రశ్నలు వేస్తున్నాను. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగితే ఎవరైనా అవునంటారు. అలా అడగకూడదని కొత్తగా వచ్చిన టీచర్లకు నేనే చెబుతాను.

"తలూపింది" అన్నాను.

తలుపు చప్పుడైతే తిరిగి చూశాం. కనక వదిన గుమ్మం దాటి అరుగు మీదికి వచ్చింది. మూడో రోజున ఆమె బయటికి రాకూడదు. వెనక నుంచి పెద్దత్తయ్య లోపలికి రమ్మని పిలుస్తోంది. వదిన వినలేదు.

"నానే కూకున్నాను" అంది.

ప్రశాంత్ ఏదో అనబోతే భాను చెయ్యి అడ్డం పెట్టింది.

వదిన మాకెవరికీ కాదు, కారుకు చెబుతున్నట్టు చెప్పింది. నూనె కోసం ధర్మను పంపాక అన్నయ్యకు తోచలేదు. ఈలోగా గేర్లు ఇంకోసారి తిప్పి చూద్దామన్నాడు. మోకాలితో మాటిమాటికీ ఎక్కి దిగలేక వదినను పిలిచాడు. బ్రేకు మీద కాలు పెట్టి తను చెప్పినప్పుడల్లా రాడ్ జరపమన్నాడు. తను బానెట్ ముందు నిలబడ్డాడు. ఆమె ఎప్పుడూ కారు నడపలేదు. రాడ్ జరిపేటప్పుడు కిందికి చూసింది. కాలు జారి పక్కదాని మీద పడింది.

"బండి అరిసింది. నాను స్టీరింగు గట్టిగా పిసికేసినాను. ఆగలేదు. ఎత్తిన బానెట్ పక్కనుంచి ఆయన నన్నే సూత్తన్నాడు." వదిన గొంతు పెరగలేదు. "ధర్మ వొచ్చి నన్ను రెక్కట్టుకుని కిందికి లాగాడు. ఆ పిల్లాడే బండి ఎనక్కి తీసినాడు. ఆడు మంచి సేసినాడు. నా పేరు కూడా ఎవులికీ సెప్పనేదు. నాను తలూపేసినాను సత్తీ. నువ్వలా అడిగావు. మొగుణ్ణి సంపేసినానని నోటితో ఎలా సెప్పను?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకోవాలో వద్దో తెలియలేదు.

ప్రశాంత్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇదంతా తనకు చెబితే సరిపోదనీ, స్టేషన్‌కు వచ్చి కాగితం మీద పెట్టాలనీ అన్నాడు. "ఆలోచించి మాట్లాడండమ్మా. ఇది రాసుకుంటే ముద్దాయి మీరవుతారు."

"పొరపాటుకు ఏ శిక్షో కోర్టు చూసుకుంటుంది" అంది భాను. "చెయ్యనివాడి మీద హత్యకేసు ఎందుకుండాలి?"

"నా చేతిలో ఉన్నది టీచర్ గారి ఫిర్యాదు. ఆవిడ వచ్చి అది తప్పని రాసిస్తే నేను ఆపగలను. లేదంటే రేపు పొద్దున్న జీపు బయల్దేరుతుంది." ఈసారి అతని మాటలో వెటకారం లేదు. బహుశా అతనికీ తల ఎత్తడం కష్టంగానే ఉంది.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "పదకొండో రోజు దాకా ఆగు సత్తీ. ఆయన కర్మ అయిపోనీ. ఈ సంగతి బయటపడితే మనోళ్లు నన్ను ఆ పీటల కాడికి రానివ్వరు. అదయ్యాక నానే నడిసెళ్లి సెప్తాను. ఒట్టు."

ఆమె ఒట్టు నిజమేనని నాకు తెలుసు. రేపటి జీపు కూడా నిజమే.

అన్నయ్య కర్మ దగ్గర వదిన ఉండాలని నాకూ ఉంది. ఆ మాట బయటికి అనలేకపోయాను. నాకు ఆ కోరిక కలిగినప్పుడు ధర్మ ఏ గదిలో ఉన్నాడో గుర్తొచ్చింది. వాకిట్లో అతన్ని కొడుతుంటే నేను ఎక్కడ నిలబడి ఉన్నానో కూడా గుర్తొచ్చింది. వాళ్లకూ నాకూ మధ్య చెయ్యి చాపినంత దూరం కూడా లేదు.

భాను రిపోర్టులో బ్రేకులు బాగున్నాయనీ, నూనె మట్టం వాలులో ఎంత చూపిందీ, సమంగా ఉన్న నేల మీద ఎంత చూపిందీ, సీలు తీయని సీసా ఎక్కడ దొరికిందీ రాసింది. ఎవరి పేరూ రాయలేదు. పేర్లు రాయడం తన పని కాదంది. నాకు ఒక ప్రతి ఇచ్చి, వెళ్లేముందు, "మీ వదిన చేసింది పొరపాటు. రేపు జరగబోయేది పొరపాటు కాదు" అంది. అంతే. ప్రశాంత్ సీసాను సంచిలో పెట్టుకుని ఆమె వెనకే వెళ్లిపోయాడు.

వదినను పెద్దత్తయ్య లోపలికి తీసుకెళ్లింది. తలుపు వేసిన చప్పుడు వినిపించింది. నేను అరుగు మీదే ఉన్నాను. పొద్దు గోదాము వెనక్కి వాలింది. ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరమే.

ఫిర్యాదు కింద నా సంతకం అలాగే ఉంది. ధర్మ లాకప్‌లో ఉన్నాడు. నేను ఇంకా లేవలేదు.